ఎనిమిదో మూర

ఇల్లు చూపించిన రోజే ఇంటామె షరతు చెప్పేసింది. "గోడకు మొల కొట్టద్దమ్మా. ఒక్కటి కొట్టినా నాకు ఇనవడుతది." ఆమె కింద వాటాలో, మేం పై వాటాలో. నిజంగానే వినపడుతుందని చేరిన వారంలోనే తెలిసింది. పప్పుగుత్తి చేజారితే చాలు, కింద నుంచి "ఏమైందమ్మా" అని కేకేసేది. మంచి మనిషే, చెవులే మరీ మంచివి.

భైంసాలో అత్తగారింట్లో పన్నెండేళ్ళు ఉన్నాక, పాప ఆరో తరగతి చదువు కోసం కరీంనగర్ వచ్చాం. ఆయనకు ఇక్కడే ఒక గ్రానైట్ యార్డులో లోడింగ్ చూసుకునే పని దొరికింది. నేను జాకెట్లు కుడతాను కనుక నా పని నా వెంటే వచ్చింది, మిషన్ ఎక్కడ పెడితే అక్కడే నా దుకాణం. తాళంచెవి నా కొంగున కట్టుకునే ఇల్లు ఇదే మొదటిది. కిరాయిదైనా సరే, దాన్ని నాకు తోచినట్టు సర్దుకోవాలని చాలా ఆశపడ్డాను. సొంత ఇల్లున్నవాళ్ళకు ఈ ఆశ అర్థం కాదు. పుట్టినప్పటి నుంచి కిరాయి ఇళ్ళలో పెరిగినదాన్ని, పెళ్ళయ్యాక అత్తగారి వంటింట్లో ఏ డబ్బా ఎక్కడ ఉండాలో అడిగి పెట్టినదాన్ని. అందుకని పోపుల డబ్బాను పొయ్యికి కుడి పక్కన పెట్టినప్పుడు కూడా నాకు గొప్పగా అనిపించింది.

అత్తమ్మ బొంత ఒకటి ఇచ్చి పంపింది. వాళ్ళ వైపు దాన్ని గోధడి అంటారు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, నాలుగు వైపులా చేత్తో కుట్టుకుంటూ నడిమికి వచ్చే కుట్టు. దాన్ని గోడకు వేలాడదీయాలని ఆయన పట్టుబట్టాడు.

"మంచం మీద పరిస్తె ఎవలు చూస్తరు?" అన్నాడు.

"మీ అమ్మ కప్పుకోవాలెనని కుట్టింది, చూడాలెనని గాదు. అయినా మొల ఏడ కొడ్తవు?" అన్నాను.

మొల మాట వచ్చేసరికి మెత్తబడ్డాడు. బొంత దివాను మీదికి చేరింది. అవ్వ అల్లిన వైరు బుట్టలో ఉల్లిగడ్డలు పోశాను. అవ్వ అంటే మా అమ్మ. ఆమె పోయి రెండేళ్ళయింది. బుట్ట పిడి ఒక పక్క కాస్త వంకర, దానికి ఆవిడ చెప్పిన కారణం కరెంటు పోయిందని. కరెంటు ఉన్నప్పుడు అల్లినవీ అలాగే ఉండేవి.

ఇంక మిగిలింది గుమ్మం పైన కట్టే నేత పట్టీ. పాతవాళ్ళు గుమ్మం పైన రెండు కొక్కేలు కొట్టి పోయారు. "ఉన్నయి వాడుకోండ్రి, కొత్తయి కొట్టకుండ్రి" అని ఇంటామె సెలవిచ్చింది. ఆ రెండు కొక్కేలను చూసే నేను ఈ ఇల్లు ఒప్పుకున్నానని ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. రెండు పడగ్గదులు, బోరు నీళ్ళు, బడికి దగ్గర అని పైకి చెప్పినవన్నీ నిజమే. కానీ నేను కొక్కేలను చూసే తల ఊపాను.

ఆ పట్టీ గురించి చెప్పాలంటే బాపు, అంటే మా నాన్న, చేసిన పని గురించి చెప్పాలి. మాది సిరిసిల్ల. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. సాంచ మీద దారం చుట్టిన బీము అయిపోగానే కొత్త బీము ఎక్కిస్తారు. అప్పుడు పాత బీము తాలూకు పోగులను పూర్తిగా లాగేయరు, కత్తిరించరు. ఆ కొసలు మగ్గంలోనే వేలాడుతుంటాయి. కొత్త బీము పోగులను ఒక్కొక్కటిగా ఆ పాత కొసలకు మెలిపెట్టి అతుకుతారు. వేల పోగులు. వేళ్ళు జారకుండా బూడిద అద్దుకుంటారు. ఆ పనిని వైపని అంటారు. ముప్పై ఏళ్ళు బాపు చేసింది ఆ పనే. ఆయన చెయ్యి పట్టుకుంటే బొటనవేలు, చూపుడువేలు గరుకుగా, మిగిలిన మూడూ మెత్తగా ఉండేవి. సెలవుల్లో నేను పక్కన కూర్చుని పోగు అందించేదాన్ని. నాకు ఏబీసీడీల కంటే ముందు వచ్చిన పాఠం ఒకటే, కొస కత్తిరించకూడదు. కొస పోతే కొత్త దారాన్ని అతకడానికి ఏమీ ఉండదు.

సాంచాలు వేరేవాళ్ళవి, ఇల్లూ వేరేవాళ్ళది. నేను పుట్టాక మేం ఏడు ఇళ్ళు మారాం. మొదటి ఇంట్లో చేరినప్పుడు బాపు కార్ఖానాలో పారేసే దారపు తుక్కు తెచ్చి, కిటికీ చువ్వకు ఒక కొస, తన నడుముకు ఒక కొస కట్టుకుని, జానెడు వెడల్పు పట్టీ నేశాడు. మూరెడు పొడుగు వచ్చాక ఆపేసి, పోగులు కత్తిరించకుండా కొసలు వేలాడదీసి గుమ్మం పైన కట్టాడు. రెండో ఇంటికి పోయాక ఆ కొసలకే కొత్త పోగులు అతికి మరో మూర నేశాడు. అలా ఇంటికో మూర. కిరాయి ఇల్లు విడిచినా పట్టీ ఎక్కడా తెగలేదు.

మొదటి మూర ఉత్త తెలుపు, అప్పుడు దొరికింది అదే. రెండోదానికి అవ్వ పసుపు నీళ్ళలో ముంచింది, ఆ పసుపు సగం ఒకటో మూరలోకి పాకింది. ఆ ఇల్లు వానకు కురిసేది, పట్టీ కూడా తడిసేది. నాలుగోదాంట్లో ఎర్ర గీత నేను పదో తరగతి పాసైనందుకు. బతుకమ్మ చీరలు నేసిన కాలంలో రంగుల దారం బాగా దొరికింది, ఆరో మూర చూస్తే కళ్ళు చెదురుతాయి. ఏడో మూర అవ్వ నేసింది.

ఆ సంవత్సరం బాపు బొటనవేలికి దెబ్బ తగిలి కట్టు కట్టారు. ఇల్లు మారి నెలైనా పట్టీ పెరగలేదు. చివరికి అవ్వ తానే నడుముకు కట్టుకుని కూర్చుంది. ఆవిడ బీడీలు చుట్టేది, బాపుకు దారపు కండెలు చుట్టి ఇచ్చేది, కానీ ఎన్నడూ నేసింది లేదు. చిలకపచ్చ దారం తీసుకుంది. నేత వదులు. అంచులు ఒకచోట లోపలికి, ఒకచోట బయటికి. బాపు పక్కన మంచంలో కూర్చుని వంకలు పెడుతూనే ఉన్నాడు.

"బీడి చుట్టుమంటె మంచిగ బిర్రుగ చుడ్తవు. నేసుడు గింత వదులేందే?"

"నీకు ఏలు మంచిగయినంక నువ్వే బిర్రుగ నేసుకో. అప్పటిదాంక నోరు మూసుకో," అనేది అవ్వ, చాటలో తునికాకు కత్తిరించుకుంటూనే.

అవ్వ పోయాక తమ్ముడు రెండు గదుల సొంత ఇల్లు కట్టుకున్నాడు. బాపు వాడి దగ్గరే ఉంటున్నాడు. పట్టీని మడతపెట్టి నా చేతిలో పెట్టాడు. "ఇగ నేను ఇల్లు మారేది లేదు బిడ్డా. నువ్వు ఎన్నడన్న ఏరు కాపురం పెడితె చెప్పు, వచ్చి మూర ఏస్త." ఆ తర్వాత భైంసాలో ఉన్నంతకాలం అది నా పెట్టెలోనే ఉంది. అది అత్తగారిల్లు, అక్కడ నా మూర ఎందుకని నేనే బయటికి తీయలేదు.

పాలు పొంగించిన రోజు ఏడు మూరల పట్టీ గుమ్మం పైకి ఎక్కింది. రెండు కొక్కేల మీదుగా వేస్తే అటూ ఇటూ బాగా కిందికి వేలాడింది. ఎడమవైపు తెలుపు, కుడివైపు చిలకపచ్చ, దాని చివర జానెడు పొడుగు కొసలు. నేను గుమ్మంలో నిలబడి చూసుకుని ఏడ్చినంత పని చేశాను. మా ఆయన ఫోటో తీశాడు. అప్పుడే ఇంటామె పక్కింటి ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది.

పాయసం తిని, చెంబులు చూసి, బొంతను మెచ్చుకుని, గుమ్మం దగ్గర ఆగింది. "గిది మంచిగున్నది గని, కొస ఊడిపోతుందేందమ్మా? దారాలు ఏలాడుతున్నయి. కుట్టుపని చేసేటామెవు, జర సదిరి కట్టరాదు?"

ఆమె తప్పేం లేదు. నిజానికి ఆమె మాటకు నేను నవ్వి ఊరుకుని ఉండాల్సింది. కానీ పక్కింటి ఇద్దరూ నావైపు చూశారు, వాళ్ళ జాకెట్లు నా దగ్గరికి వస్తాయో రావో అన్నట్టు. నాకు రోషం ముక్కు మీదే ఉంటుంది. పదేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. చంకలో ఒక్క దారం కొస కనిపిస్తే ఆ జాకెట్టు నా చెయ్యి దాటదు. దర్జీ చేతికి వేలాడే దారం అంటే మిగిలిపోయిన పని. వాళ్ళు మెట్లు దిగారో లేదో స్టూలు ఎక్కాను. దారాలు కత్తిరించే చిన్న కత్తెర ఒక నాడాకు కట్టి ఎప్పుడూ నా మెడలో ఉంటుంది. కచకచా నాలుగు కోతలు. అంచు మడిచి చేత్తో కుట్టేశాను. దిగి చూసుకుంటే ఎంత శుభ్రంగా ఉందో. ఆ తృప్తితో రాత్రి హాయిగా నిద్ర కూడా పోయాను, అదీ చెప్పాలి.

మర్నాడు పొద్దున చెత్త బండి వచ్చి పోయాక బాపు ఫోన్ చేశాడు.

"బిడ్డా, ఐతారం వస్తున్న. నీలం దారం దొరికింది, మంచి రంగు. ఎనిమిదో మూర ఏసుకుందాం. కొసలు చిక్కువడ్డయేమో, జర ఇడిపిచ్చి పెట్టు."

"సరే బాపు," అన్నాను. ఫోన్ పెట్టి వంటింట్లోకి పరుగెత్తాను. చెత్తబుట్ట బోర్లించాను. అడుగున పాయసంలో పడ్డ ఏలక్కాయ తొక్కు తప్ప ఏమీ లేదు.

మా ఆయనకు చెబితే తేలిగ్గా తీసుకున్నాడు. "మామకు ఫోన్ చేసి చెప్పు, ఒడిసిపోతది. దారమే గద."

"ముప్పై ఏండ్లు వైపని చేసినోని బిడ్డ కొసలు కత్తిరిచ్చిందని చెప్పాల్నా? ఏ నోటితోని చెప్పాలె?"

 ఆయన ఇంట్లో పత్తి పండిస్తారు, మా ఇంట్లో దారం అతుకుతారు. నడిమిట్ల జరిగేది ఆయనకు తెలియదు.

నేనే ఏదైనా చేద్దామని మధ్యాహ్నం కూర్చున్నాను. మడిచిన అంచు కుట్టు విప్పాను. కొత్త పోగు పట్టాలంటే పాత పోగు కనీసం నాలుగు వేళ్ళ పొడుగు బయటికి ఉండాలి. నా కత్తెర గింజంత కూడా మిగల్చలేదు. కొసలు మళ్ళీ రావాలంటే ఉన్నది ఒకటే దారి, అడ్డం పోగులు లాగేసి నేతను వెనక్కి విప్పుకుంటూ పోవాలి. చివర ఉన్నది అవ్వ మూర. ఎనిమిదో మూర కావాలంటే ఏడో మూరను విప్పాలి. సూది మొన అడ్డం పోగు కింద పెట్టి మళ్ళీ తీసేశాను. అవ్వ చేత్తో నేసింది ఈ లోకంలో అదొక్కటే. వైరు బుట్టలు ఇంటింటికీ ఉన్నాయి, అది మాత్రం ఒక్కటే. నా రోషం కోసం దాని కొస కోశాను, ఇప్పుడు దాన్నే విప్పాలా? బాపు వచ్చేదాకా ఉన్న నాలుగు రోజులు నేను కుట్టిన జాకెట్లలో రెండింటికి చేతులు తారుమారు చేశాను.

ఆదివారం బాపు పదిగంటల బస్సుకు దిగాడు. భుజాన సంచి, అందులో నీలం దారం, రెండు పుల్లలు, చిన్న డబ్బాలో బూడిద. బూడిద కూడా ఊరి నుంచి తెచ్చాడు, గ్యాస్ పొయ్యి ఇళ్ళల్లో దొరకదని. చెప్పులు విడవకుండానే తల ఎత్తి గుమ్మం వైపు చూశాడు. అలాగే నిలబడిపోయాడు.

"ఎవలు కత్తిరిచ్చిన్రు?"

"నేనే బాపు."

"ఎన్నడు?"

"పాలు పొంగిచ్చిన నాడు."

"ఫోన్ల చెప్పకపోతివి."

తిడతాడని సిద్ధంగా ఉన్నాను. తిడితే బాగుండేది. చిన్నప్పుడు పోగు తెంపితే నెత్తి మీద మొట్టేవాడు, ఆ మొట్టికాయ కోసం తల వంచుకునే నిలబడ్డాను. ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి, పట్టీ దింపమని అల్లుడికి సైగ చేసి, బొంత పరిచిన దివాను మీద కూర్చున్నాడు. చాయ్ ఇచ్చాను. తాగాడు. పట్టీ ఒళ్ళో పెట్టుకుని ఒక్కో మూర వేళ్ళతో తడుముతూ చిలకపచ్చ దగ్గరికి వచ్చాడు. అక్కడ చెయ్యి ఆగింది.

"మీ అవ్వది ముట్టుకోవాలె ఇగ," అన్నాడు.

"వద్దు బాపు. ఉన్నకాడికి ఉండనీ. నీలంది ఏరే నేసి పెట్టు, మిషన్ మీద కలిపి కుడుత. అతుకు కనవడకుంట కుడుత."

"నువ్వు మంచిగనే కుడతవు. కుడితె రెండు ముక్కలు ఒక్కకాడ ఉంటయి, గంతే." చిలకపచ్చ అంచును వేలితో సాపు చేశాడు. "ఇప్పకపోతె గిది మీ అవ్వ కాడనే ఆగిపోతది బిడ్డా."

 వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. పాప లేచి పోయి మంట తగ్గించింది. బాపు పట్టీ కొసను నా ఒళ్ళోకి జరిపాడు.

"నువ్వే తియ్యి. నాకు చెయ్యి ఆడ్తలేదు."

సూదితో చివరి అడ్డం పోగు లేపాను. గట్టిగా బిగిసి ఉంటుందని, పెనుగులాడాలని, నిలువు పోగులు తెగుతాయని భయపడ్డాను. మొన ఇలా పెట్టి అలా లాగానో లేదో, వరుస మొత్తం సర్రున జారి నా చేతిలోకి వచ్చేసింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఎక్కడా పట్టు లేదు. బాపు నేసిన మూర అయితే సగం పూటైనా పట్టేది, సగం పోగులు తెగేవి.

బాపు చూస్తూ చూస్తూ నవ్వడం మొదలుపెట్టాడు. "వదులు నేసినవే అని ఎన్నిసార్లు అన్న. గిండ్ల తప్పేమున్నది అన్నది. ఇగ చూడు."  నవ్వు మధ్యలోనే తువ్వాలతో మొహం తుడుచుకుని అలాగే కళ్ళ మీద పెట్టుకున్నాడు. నేనూ ఏడ్చాను. అవ్వ పోయిన రోజు మా ఇద్దరికీ కలిసి ఏడ్చే తీరిక దొరకలేదు, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ. అది ఆ రోజు కరీంనగర్ ఇంట్లో, అత్తమ్మ బొంత మీద కూర్చుని తీరింది. ఆరో వరుసలోనో ఏడో వరుసలోనో తునికాకు ముక్క ఒకటి రాలింది, గోరంత. బాపు దాన్ని వేలితో అద్ది తీసి అంగీ జేబులో వేసుకున్నాడు.

నాలుగు వేళ్ళ మేర విప్పాక ఆపమన్నాడు. నిలువు కొసలు బయటికి వచ్చాయి, మెలికలు పడి, కానీ తెగకుండా. నేను లాగిన చిలకపచ్చ పోగులను పారేయనివ్వలేదు. ఒక్కోటీ కలిపి పుల్లకు కండె చుట్టాడు. తర్వాత కిటికీ చువ్వకు నీలం పోగులు కట్టాడు. పట్టీని నడుముకు బిగించుకున్నాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నా చూపు ఆనలేదు, ఒక్కో పోగు రెండుసార్లు వెతుక్కుంటున్నాడు. అందుకని ఆయన పట్టీని నాకిచ్చి పక్కకు జరిగి, "నువ్వు అతుకు, నేను పోగు అందిస్త," అన్నాడు. చిన్నప్పుడు నేను కూర్చున్న చోట ఆయన, ఆయన కూర్చున్న చోట నేను. వేళ్ళకు బూడిద అద్దుకున్నాను. మొదటి పది మెలికలు జారిపోయాయి. ఆ తర్వాత వేళ్ళకు అదే గుర్తొచ్చింది.

అతకడం అయ్యేసరికి పొద్దు వాలింది. మధ్యలో అన్నం తిన్నాం. పాప పుస్తకం తెచ్చుకుని మా దగ్గరే కూర్చుంది. ఎనిమిదో మూర మొదటి నాలుగు వేళ్ళు అవ్వ దారంతోనే నేశాడు బాపు. నీలం నిలువు, చిలకపచ్చ అడ్డం. రంగు కలిసిందా అంటే కలవలేదు, నీళ్ళలో పాచి పట్టినట్టుంది. ఆ తర్వాత ఉత్త నీలం. నేను అతికిన చోట గరుకుగా ఉబ్బుగా ఒక గీత కనిపిస్తుంది, దాన్ని చూసి బాపు నాకు నూటికి నలభై మార్కులు వేశాడు.

మిగిలింది వారం రోజులు ఉండి నేశాడు. మూర నిండాక జానెడు కొసలు వదిలి, పట్టీని మళ్ళీ గుమ్మం పైకి ఎక్కించాడు. ఆయన పోయే రోజు ఇంటామె పైకి వచ్చి చూసింది. "మల్ల దారాలు ఏలాడుతున్నయేందమ్మా?"

"ఏలాడాలె అక్కా. పని ఇంక ఉన్నది," అన్నాను. ఈసారి రోషం రాలేదు.

ఆటో కింద ఆగింది. సంచి భుజానికి వేసుకుని బాపు నా ముందు చెయ్యి చాపాడు. దీవిస్తాడేమో అని తల వంచాను. ఆయన నా మెడలోని నాడా విప్పి, ఆ చిన్న కత్తెరను తీసి సంచిలో వేసుకున్నాడు.

"అది నా పనిముట్టు బాపు," అన్నాను.

"ఎరుకే. ఇల్లు మారినప్పుడు చెప్పు, తెస్త. తొమ్మిదో మూర ఏసినంక నీకే ఇస్త."

ఆయనకు డెబ్బై దాటాయి. ఈ ఇంటి అగ్రిమెంటు మేం ఐదేళ్ళకు రాసుకున్నాం. ఆ మాట ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆటో మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

చిన్న కత్తెర బజారులో ఎక్కడైనా దొరుకుతుంది. ఇప్పటిదాకా కొనలేదు. జాకెట్ల దారాలు పళ్ళతోనే కొరుకుతున్నాను.